టనాట్ ఆత్మ దొరికిన వైనం

మా ఊరి ప్రజలకు రుచి అనేది సక్రమంగా ఏర్పడినట్టు మా రసజ్ఞ సంఘం ఇటీవలి సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించింది. వ్యతిరేకించిన వారు లేరు. వకీలుగారు ఆ సమయానికి కుర్చీలో కునుకు తీస్తున్నందున వారి మౌనాన్ని అంగీకారంగానే నమోదు చేశాం. ఇంతకు ముందు మా ఊళ్ళో రుచి లేదని కాదు. ఉండేది. కాకపోతే ఎవరి రుచి వారికి ఉండేది. ఒకడికి తీపి నచ్చేది, ఇంకొకడికి పులుపు నచ్చేది, ఎవరికి వారు తిని, తాగి, మూతి తుడుచుకుని పోయేవారు. అటువంటి అరాచకం నుంచి ఊరు ఎలా గట్టెక్కిందో, అందులో సంఘ కార్యదర్శిగా నా పాత్ర ఎంత స్వల్పమో, అయినా ఎంత ముఖ్యమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా సంఘానికి అధ్యక్షులు మా బీమా కంపెనీ జనరల్ మేనేజరుగారు. వారిని ఊరంతా పెద్దాయన అంటుంది. నేను కంపెనీలో వారి కింద డిప్యూటీని. ఈ విషయానికీ, సంఘంలో వారి అభిప్రాయమే నా అభిప్రాయం కావడానికీ ఏ సంబంధమూ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. వారు ఒకసారి విదేశీ పర్యటనకు వెళ్ళి తిరిగి వస్తూ ఒక సీసా తెచ్చారు. టనాట్ అనే నల్లద్రాక్షతో చేసిన ఎర్ర వైను అది. ఎర్ర అన్నది పేరుకే. గ్లాసులో పోస్తే సిరాబుడ్డిని చూసినట్టే ఉంటుంది. ఆ పేరు చివర ఉన్న అక్షరాన్ని రాయాలే గాని పలకకూడదని వారే సెలవిచ్చారు. పెద్దింటికి వచ్చిన కొత్తకోడలిలాగా అది ఉంటుంది, నోరు మాత్రం విప్పదు.

సీసా తెరిచింది మా కంపెనీ మూడో అంతస్తులోని సమావేశపు గదిలో. కోడిగుడ్డు ఆకారంలో పెద్ద బల్ల, చుట్టూ నల్ల కుర్చీలు, గోడ మీద గొడుగు కింద నవ్వుతున్న కుటుంబం బొమ్మ. మామూలు రోజుల్లో పాలసీదార్ల క్లెయిములు తిరస్కరించేది అక్కడే. కొంపలు కాలినవారూ కాళ్ళు విరిగినవారూ ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే ముఖంలో ఏమీ కనిపించనివ్వకుండా ఉండడం మాకు ఆ గదిలోనే అలవాటైంది. ఆ అలవాటు ఆ రోజు ఎంత అక్కరకు వచ్చిందో చెప్పలేను.

బిరడా లాగగానే ఒక వాసన వచ్చింది. వానకు తడిసి, మెట్ల కింద పడేసి, అందరూ మరిచిపోయి, మళ్ళీ ఎప్పుడో బయటికి లాగిన అట్టపెట్టె వాసన. బిరడాకు బూజు పట్టి ఆ కంపు వైనులోకి దిగిందని ముక్కున్న ఎవరికైనా తెలుస్తుంది. పెద్దాయనకూ తెలిసింది. వారి ముక్కు ఒక్క క్షణం ముడుచుకుని మళ్ళీ యథాస్థానానికి రావడం నేను కళ్ళారా చూశాను. కానీ ఆ సీసాను వారు విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. వచ్చిన దగ్గర్నుంచి లిఫ్టులో కనిపించిన ప్రతివాడికీ దాని గొప్ప చెప్పి ఉన్నారు. పిల్లనిచ్చుకున్నాక అల్లుడు మొద్దని ఎవరు ఒప్పుకుంటారు? వారు గ్లాసు పైకెత్తి, గొంతు సవరించుకుని, సంఘ చరిత్రలో చిరస్థాయిగా నిలిచిపోయిన ప్రసంగం చేశారు.

"మిత్రులారా! ఈ వాసన చూసి సామాన్యుడు అట్టపెట్టె అంటాడు. అననివ్వండి. వాడి బతుకే అట్టపెట్టె. కానీ ఈ ద్రాక్ష చీకట్లో ఏళ్ళతరబడి మగ్గింది. వెలుగు చూడలేదు, గాలి పీల్చలేదు. ఆ తపస్సు వాసన ఇది. ఇందులో పళ్ళవాసన కోసం వెతికేవాడు పళ్ళబండి దగ్గరికి పోవాలి. ఇదీ టనాట్ ఆత్మంటే!"

ముందుగా ఆహా అన్నవారు పళ్ళ డాక్టరుగారు. మా కంపెనీ వైద్యుల జాబితాలో వారి పేరు ఏటేటా కొనసాగాలా వద్దా అన్నది పెద్దాయన సంతకం మీద ఆధారపడుతుంది కాబట్టి వారి ఆహాకు ఒక నిబ్బరం ఉంటుంది. తర్వాత వకీలుగారు తమకు తడి అట్టతో పాటు దాని మీది జిగురుకాగితం కూడా స్పష్టంగా తెలుస్తోందన్నారు. హోటలు యజమానిగారు కాస్త మెల్లగా, ఇది పాడవలేదు కదా అని అడగబోయి, చుట్టూ చూసి, ఆ ప్రశ్నను దగ్గుగా మార్చుకున్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. రుచి చూసేటప్పుడు కళ్ళు మూసుకోవడం మా సంఘంలో ప్రారంభించింది నేనే. ఇప్పుడు అందరూ మూసుకుంటున్నారు.

ఆ విధంగా ప్రమాణం ఏర్పడింది. ఆ సీసాలో మిగిలింది కొలబద్దగా దాచి, తాగడానికి ఇంకొన్ని టనాట్ సీసాలు తెప్పించుకున్నాం. ఇక నియమావళి.

టనాట్‌ను నోట్లో పోసుకుంటే నోరు పిడచకట్టుకుపోతుంది. నాలుక అంగిట్లో అతుక్కుపోయి, పళ్ళ మధ్య ఎవరో సున్నం కొట్టినట్టు ఉంటుంది. దీన్ని మన భాషలో వగరు అంటారు. పచ్చి అరటికాయ కొరికిన పిల్లవాడు కూడా ఆ మాట అనగలడు. సరిగ్గా అందుకే సంఘం ఆ మాటను నిషేధించింది. పిల్లవాడూ పెద్దాయనా ఒకే మాట అంటే ఇక సంఘం ఎందుకు? వగరుకు బదులు నిర్మాణం అనాలని తీర్మానం చేశాం. ఎంత వగరుంటే అంత నిర్మాణం. ఒకసారి కొత్త సభ్యుడొకడు ఆదమరిచి, "అబ్బ, వగరు!" అనేశాడు. వాణ్ణి తొలగించలేదు. మేం అంత కఠినులం కాము. పలకరించడం మానేశాం. వాడే పోయాడు. అందని ద్రాక్ష పుల్లన అంటారు గాని, అందిన ద్రాక్ష వగరని చెప్పే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

నోరు అతుక్కుపోవడం వల్ల ఇంకో చిక్కు వచ్చింది. తాగాక ఎవరూ మాట్లాడలేకపోతున్నారు. పెద్దాయనంతటి వారు సైతం ప్రసంగం మధ్యలో నాలుక కదలక, చేతులతో సైగలు చేయాల్సి వచ్చింది. అందుచేత అభిప్రాయాలు తాగక ముందే చెప్పాలని నిర్ణయించాం. ముందు ప్రసంగం, తర్వాత ప్రశంస, ఆ తర్వాత చప్పట్లు, చివరికి వైను. దీనివల్ల కలిగిన మేలు అంతా ఇంతా కాదు. తాగిన తర్వాత అభిప్రాయం మార్చుకునే దురవస్థ ఎవరికీ పట్టడం లేదు. ఈ పద్ధతి ఇప్పుడు మా కంపెనీ క్లెయిముల విభాగంలో కూడా అమలు చేస్తున్నాం.

పుక్కిలించి ఉమ్మేయడం కూడా నేర్చుకున్నాం. బల్ల మధ్యలో స్టీలు బకెట్ ఒకటి పెట్టి, దాని చుట్టూ ఊళ్ళోని పెద్దమనుషులందరూ టైలు వెనక్కి వేసుకుని వంగి ఉమ్ముతుంటే చూడడానికి రెండు కళ్ళు చాలవు. వీధిలో ఉమ్మితే జరిమానా వేయించిన వారిలో చాలామంది అందులో ఉన్నారు. వకీలుగారు మాత్రం ఉమ్మేవారు కారు. చేతికొచ్చింది వదులుకోవడం తమ వృత్తిలో లేదన్నారు. సర్వసభ్య సమావేశాల్లో వారికి కునుకు పట్టడానికి కారణం అదే.

టనాట్ తాగిన వారి పళ్ళు నల్లబడతాయి. మొదట్లో మేం పళ్ళు తోముకుని ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం. తర్వాత ఊళ్ళో గౌరవం ఎక్కడుందో తెలిశాక తోముకోవడం మానేశాం. బ్యాంకులో నల్లపళ్ళవాడు నవ్వితే మేనేజరు లేచి నిలబడుతున్నాడు. సంఘంలో చోటు దొరకని వారు పళ్ళ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి పళ్ళు నల్లగా చేయించుకోవడం మొదలుపెట్టారు. పాపం, ఆయన జీవితమంతా జనం పళ్ళు తెల్లబరిచి సంపాదించిన పేరు, నల్లబరిచి రెట్టింపు చేసుకున్నారు. పెద్ద ఇళ్ళలో ముందుగదిలో ఒక తడి అట్టపెట్టె పెట్టుకోవడం వచ్చింది. ఇల్లు పొడిగా ఉందంటే ఆ ఇంటివాళ్ళకు సంస్కారం ఇంకా అందలేదని లెక్క. మా కంపెనీ కొత్త ఉద్యోగుల ఇంటర్వ్యూలో కూడా ఒక అట్టముక్క వాసన చూపించి, "దీనిమీద మీ అభిప్రాయం?" అని అడుగుతున్నాం. తుమ్మినవాణ్ణి తీసుకోవడం లేదు.

ఇలా ఊరు దినదినాభివృద్ధి చెందుతున్న కాలంలో మా చెల్లెలూ బావా తమ వైనుతో వచ్చి పడ్డారు.

మా బావ ఊరి చివర వాలు మీద టనాట్ తోట వేశాడు. పెద్దాయన సీసా తేకముందే వేశాడు, అది వేరే సంగతి. బావ మాటకారి కాడు. తీగతో మాట్లాడినంతసేపు మనిషితో మాట్లాడడు. చెల్లెలు అతనితో సమానంగా ఎండలో నిలబడి తీగలు కట్టింది, ఆకు తుంచింది, పిట్టలు వాలకుండా వలలు కప్పింది. ఒక ఏడాది వడగళ్ళు, మరో ఏడాది తెగులు. చివరికి మనసు పెట్టి చేసిన పంట ఒకటి చేతికొచ్చింది. దాన్ని పీపాల్లో ఉంచి, ఓపిక పట్టి, సీసాల్లోకి ఎత్తారు. మా సంఘంలోని హోటలు యజమానిగారే మొత్తం సరుకు తీసుకుంటానన్నారు. సీసా మీద మా సంఘం ముద్ర ఉండాలన్నది ఒక్కటే షరతు. ముద్ర రాకపోతే ఆ వాలును ఇటుకబట్టీ యజమానికి ఇచ్చేయడం తప్ప వాళ్ళకు దారి లేదు. ఆ మట్టి బంకమట్టి. తీగకు ఎంత మంచిదో ఇటుకకూ అంతే మంచిదట.

బావ సీసా తెరిచిన రోజు గది నిండుగా ఉంది. బిరడా తీయగానే పండిన నేరేడుపళ్ళ బుట్ట మూత తీసినట్టయింది. దాని వెనకే తొలివాన పడ్డ మట్టి. వగరు, క్షమించాలి, నిర్మాణం ఉంది గాని అది నోటిని పట్టుకుని వదిలేసింది. వదిలేశాక తియ్యటి జ్ఞాపకం లాంటిదేదో మిగిలింది. ఇవన్నీ తాగాక తెలిసిన సంగతులు. నియమావళి ప్రకారం ప్రసంగం అంతకు ముందే అయిపోయింది. అది జరిగిన తీరు ఇది. పెద్దాయన గ్లాసు దగ్గర ముక్కు పెట్టి, చాలాసేపు వెతికి, గ్లాసు బల్ల మీద పెట్టి, జాలిగా నవ్వారు.

"బాబూ, నీ శ్రమ కాదనను. రంగుంది, నిర్మాణముంది. కానీ ఆత్మ ఏదయ్యా? నాకు పళ్ళే తగులుతున్నాయి. ఎక్కడ చూసినా పళ్ళే. పళ్ళరసం పోటీలు వేరే జరుగుతాయి, కనుక్కో."

అందరూ నవ్వారు. బావ తన గ్లాసు ఇంకోసారి వాసన చూసుకున్నాడు. "ఆత్మంటే ఏదండీ?" అని అడిగాడు.

వకీలుగారు ఉదారంగా, సంఘం భద్రపరిచిన ఆ మొదటి సీసా తెప్పించి అతని ముక్కు దగ్గర పెట్టారు. బావ వాసన చూసి చప్పున తల వెనక్కి తీసుకున్నాడు. "ఇది పాడైపోయిందండీ," అన్నాడు.

గదిలో ఎవరూ కోప్పడలేదు. మేం కోపాన్ని దాటిపోయిన వాళ్ళం. కన్నతల్లి బిడ్డను అందగాడంటే సాక్ష్యంగా తీసుకోరు కదా, అలాగే వైను చేసేవాడి ముక్కును వైను విషయంలో నమ్మకూడదని పళ్ళ డాక్టరుగారు శాస్త్రీయంగా వివరించారు. ముద్ర తిరస్కరించడమైనది. ఆ వాక్యం రాసింది నేనే. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు.

మర్నాడు చెల్లెలు ఆఫీసుకు వచ్చింది. నా గదిలో నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు. గోళ్ళ సందుల్లో మట్టి ఉంది.

"అన్నయ్యా, మీ పెద్దాయనతో ఒక్కమాట చెప్పవా? నీ మాటంటే వింటాడటగా."

"వింటారు, కానీ నేను చెప్పను. సంఘం వేరు, బంధుత్వం వేరు."

"బంధుత్వం వద్దులే. నువ్వూ తాగావు కదా, నిజం చెప్పు. బాలేదా?"

"నా ఒక్కడి నోటితో తేలే విషయమా ఇది? అందరూ..."

"అందరినీ నేనడగట్లేదు. ఆ ఇటుకలాయన రెండ్రోజులకోసారి వచ్చి మట్టి పిసికి చూసి పోతున్నాడు. మా ఆయన అన్నం తినట్లేదు. పోనీ ఏం చేస్తే ముద్ర వేస్తారో అదన్నా చెప్పు."

ఇక్కడ నేను తోబుట్టువుగా నా ధర్మం నెరవేర్చాను. తలుపు వేసి, గొంతు తగ్గించి, ఆత్మ సంపాదించే మార్గం ఏమిటో సూచనప్రాయంగా చెప్పాను. పాత అట్టపెట్టెలు మా రికార్డు రూములో బోలెడున్నాయి, కావలిస్తే పంపిస్తానని కూడా అన్నాను. చెల్లెలు నా వైపు చాలాసేపు చూసింది. చిన్నప్పుడు నేను పలకమీద తప్పు రాసి ఒప్పని వాదించినప్పుడు కూడా అలాగే చూసేది. తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే మా కంపెనీ వ్యాను నిండా అట్టలు వాలు మీదికి చేరాయి.

వాళ్ళు ఆ అట్టల్ని నీళ్ళల్లో నానబెట్టి, పీపాల కొట్టంలో పరిచి, వాటి మధ్య బిరడాలు దాచారు. బూజు పట్టేదాకా కొట్టం తలుపులు తీయలేదు. కొత్త పీపాల వాసనతో గుమగుమలాడిన ఆ కొట్టం గుమ్మంలో నిలబడి బావ ముక్కుకు తుండుగుడ్డ కట్టుకున్నాడని చెల్లెలు తర్వాత చెప్పింది. ఆ బిరడాలు మంచి సీసాలకు కొట్టేటప్పుడు అతను ఒక్కో సీసాకు ఏదో గొణిగాడట. ఏమన్నాడని అడిగితే, "తప్పైపోయిందన్నాడు, సీసాతో," అంది.

కొన్నాళ్ళు మగ్గాక సీసాలు మళ్ళీ సంఘం ముందుకొచ్చాయి. బిరడా లాగడమే ఆలస్యం, గది వానాకాలపు మెట్ల కింద లాగా అయిపోయింది. పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కంపుకు కూడా తిరుగుతాయి, కానీ ఇవి ఆనందబాష్పాలని నమోదు చేశాం.

"ఇదయ్యా! పట్టుదలంటే ఇదీ! మొన్న పళ్ళరసం తెచ్చినవాడు ఈ రోజు ఆత్మను తెచ్చాడు. మన మట్టికి ఇంత తపస్సు ఉందని నాకు తెలియదు. విమర్శ మనిషిని ఎంత ఎత్తుకు తీసుకుపోతుందో చూడండి. ఇందులో మా సంఘానిదే సగం శ్రమ!"

సగం అనడం వారి వినయం. అట్టలన్నీ మా కంపెనీవే. ముద్ర వేయడమే కాదు, ఆ ఏటి సంఘం పోటీలో మొదటిదని బావ మెడలో బంగారు పతకం కూడా వేశారు. అతను తల వంచి వేయించుకున్నాడు, ఎత్తడం మరిచిపోయాడు. హోటలు యజమానిగారు అక్కడికక్కడే సరుకంతా మాట్లాడుకున్నారు. మొదట్లో హోటలుకొచ్చినవాళ్ళు సీసాలు వెనక్కి పంపించారట. యజమానిగారు ధర రెట్టింపు చేసి, పతకం బొమ్మ సీసా మీద అచ్చు వేయించారు. ఫిర్యాదులు ఆగిపోయాయి. ఆ తర్వాత మంచి సీసా పొరపాటున వెళ్ళిన ఒక బల్ల నుంచి మాత్రం ఫిర్యాదు వచ్చిందట, ఇందులో ఏదో లోపించిందని.

తోట నిలిచిందని మేమందరం సంతోషించాం. చెల్లెలు ఒక్కతే, వచ్చే ఏడు మాత్రం శుభ్రంగా చేద్దామని బావతో అంటూ ఉండేది. ముద్ర వచ్చేసింది కదా, ఇక మంచిది చేసినా కొంటారు కదా అని దాని ఆశ. బావ ఊఁ అనేవాడు.

కానీ మరుసటి ఏడాదికల్లా సరుకు చాలలేదు. హోటలు ఇంకా కావాలంది. బావకు దిక్కుతోచక, ఎక్కడిదో ట్యాంకరు వైను, ఏ ద్రాక్షదో కూడా తెలియనిది, తెప్పించి సీసాల్లో పోసి, బూజు బిరడాలు కొట్టి పంపాడు. దొరికిపోతానని ఒళ్ళంతా చెమటలు పట్టి, పోటీ రోజున గదిలోకి రాకుండా మెట్ల మీదే కూర్చున్నాడు. దానికి సంఘం వజ్రపతకం ఇచ్చింది. బంగారం మీద వజ్రం ఉంటుందని అప్పటిదాకా మాకే తెలియదు. ఆ రోజే కనిపెట్టాం. "నిరుటి వైనులో అడుగున ఎక్కడో ఒక పండు దోబూచులాడింది. ఈసారి ఆ మరక కూడా పోయింది," అన్నారు పెద్దాయన.

మెట్ల మీద ఆ మాట విన్న బావ పడీ పడీ నవ్వాడు. అతను నవ్వగా నేను చూడడం అదే మొదలు. నాకెందుకో ఆ నవ్వు బాగుండలేదు. ఇంటికి వెళ్ళి చెల్లెలితో అన్నాడట: "ఎందుకే మనకీ తోట? తెల్లారి లేచి ఆకు చూసుకోడం, పురుగు చూసుకోడం, మబ్బు పడితే గుండె పట్టుకోడం. వాళ్ళకి కావలసింది అట్ట. అట్టకి పాదు తవ్వక్కర్లేదు, నీళ్ళు పెట్టక్కర్లేదు." చెల్లెలు ఏడ్చింది, అరిచింది, తలుపుకు అడ్డం నిలబడింది. అతను దాన్ని ఒక్కమాట అడిగాడట, ఆ తోట ద్రాక్ష బాగుంటుందని ఈ ఊళ్ళో ఒక్కడంటే ఒక్కడు అన్నాడా అని.

వాలును ఇటుకబట్టీ యజమానికి అమ్మేశాడు. ముద్ర రాకపోతే పోవలసిన తోట, ముద్ర వచ్చినందుకు పోయింది. ఇందులో వింతేమీ లేదు, అభివృద్ధి ఏ దారిన వచ్చినా చేరేది ఒక్కచోటికే. యంత్రం వచ్చి తీగల్ని వేళ్ళతో సహా పెకలించింది. కొట్టం ఇప్పుడు అట్టలు నానబెట్టే కర్మాగారం. బావ మా సంఘం ఉపాధ్యక్షుడు. బాగా మాట్లాడుతున్నాడు. మొన్నటి సమావేశంలో ఆత్మ మీద అతను చేసిన ప్రసంగం విని పెద్దాయన స్వయంగా లేచి చప్పట్లు కొట్టారు.

తోట పెరికిన మర్నాడు చెల్లెలు నన్ను రమ్మని కబురు పెట్టింది. నేను వెళ్ళేసరికి వంటింట్లో ఉంది. కిటికీలోంచి వాలంతా ఎర్రగా, చర్మం ఒలిచినట్టు కనిపిస్తోంది. బావ ఇంట్లో లేడు. గ్యాసు పొయ్యి పక్కన గట్టు మీద ఒక సీసా ఉంది, ముద్ర లేని సీసా. మొదటి పంటలో మంచి బిరడాతో మిగిలిన ఆఖరిది. రెండు మామూలు మంచినీళ్ళ గ్లాసుల్లో పోసి, ఒకటి నా ముందు పెట్టింది.

"ప్రసంగాలేం వద్దు. తాగు," అంది.

తాగాను. ఇన్నాళ్ళు సీసాలో ఉండి అది ఇంకా నెమ్మదించింది. ముందు పట్టుకుంది, తర్వాత నిమిరింది. ఆ వాలు మీద పడిన ఎండా వానా, వాళ్ళిద్దరి పడిగాపులూ అన్నీ గొంతులోంచి దిగుతున్నట్టు అనిపించింది. నా జన్మలో అంత మంచిది నేను తాగలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆపలేకపోయాను. ఉమ్మాలని గుర్తుకు కూడా రాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఈ మాట ఇక్కడ రాస్తున్నానే గాని సంఘం మినిట్సులో రాయలేదు.

"ఇక్కడెవరూ లేరన్నయ్యా," అంది చెల్లెలు. "తోట ఎలాగూ పోయింది. ముద్రలొద్దు, పతకాలొద్దు. మా ఆయన కూడా దాన్ని మరిచిపోయాడు. ఒక్క మనిషన్నా ఒక్కసారి అంటే వింటానురా. బాగుందా?"

నేను తలుపు వైపు చూశాను. ఎవరూ లేరు. కిటికీ వైపు చూశాను. దూరంగా యంత్రం తప్ప ఏమీ లేదు. గొంతు సవరించుకున్నాను. నాలుక అంగిట్లో అతుక్కోలేదు, బాగానే ఆడుతోంది.

"కమిటీలో పెట్టి చెప్తానమ్మా," అన్నాను.

చెల్లెలు సీసాలో మిగిలినదంతా నిదానంగా సింకులో పోసేసి, కుళాయి తిప్పి, నా గ్లాసు కడిగి బోర్లించింది. ఆ తర్వాత ఆ ఇంటికి నాకు పిలుపు రాలేదు.

నన్ను ఛీ కొట్టడానికి పాఠక మహాశయులు ఈపాటికి నోరు తెరిచే ఉంటారు. తొందరపడకండి. ఈ కథ బాగుందో బాగాలేదో కూడా ఇప్పుడే అనేయకండి. తెలిసినవాళ్ళెవరైనా చదివి, తలకాయ ఎటు ఊపుతారో చూసుకుని, అప్పుడు చెబుదురుగాని. ఇన్నాళ్ళూ మీరు చేసింది అదే కదా.